ఇన్సులిన్ రకాలు: ఏది ఎప్పుడు పనిచేస్తుంది, ఏది ఎవరికి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇన్సులిన్ మొదలుపెట్టాలని వైద్యులు చెప్పిన రోజున చాలామందిని రెండు భయాలు పట్టుకుంటాయి. మొదటిది సూది. అది కొద్ది రోజుల్లోనే పోతుంది. రెండోది చీటీలో రాసిన పేరు. తనకు రాసింది మంచి రకమేనా, తెలిసినవారు వాడుతున్నది ఇంతకంటే మేలైనదేమో అన్న అనుమానం ఏళ్ల తరబడి వెంటాడుతుంది. ఈ ప్రశ్నలూ జవాబులూ ఆ అనుమానం తీర్చడానికే. ఇన్సులిన్ రకాల మధ్య అసలు తేడా బలంలో లేదు, వేళలో ఉంది. ఏది ఎంతసేపటికి పని మొదలుపెడుతుంది, ఎప్పుడు ఉద్ధృతంగా ఉంటుంది, ఎప్పటికి దిగిపోతుంది అన్నది తెలిస్తే మీ చీటీ మీకే అర్థమవుతుంది. ఇక్కడి అంకెలు సగటు లెక్కలు. మోతాదు మార్చడం మాత్రం మీ వైద్యులతో మాట్లాడాకే చేయండి.

ఇన్సులిన్ ఒక్కటే కదా, ఇన్ని రకాలు ఎందుకు వచ్చాయి?

ఆరోగ్యంగా ఉన్న క్లోమం రెండు పనులు చేస్తుంది. రాత్రీ పగలూ కొద్దికొద్దిగా ఇన్సులిన్ వదులుతూ, కాలేయం అవసరానికి మించి గ్లూకోజు విడుదల చేయకుండా అదుపులో ఉంచుతుంది. భోజనం చేయగానే నిమిషాల్లో పెద్ద మొత్తంలో వదిలి, తిన్నదాని నుంచి వచ్చిన గ్లూకోజును కణాల్లోకి పంపుతుంది. చర్మం కింద వేసుకునే ఏ ఒక్క ఇన్సులినూ ఈ రెండు పనులనూ ఒంటిచేత్తో నెరవేర్చలేదు.

ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాలున్న చిన్న ప్రొటీను. సీసాలోని ద్రావణంలో దాని అణువులు జింకుతో కలిసి ఆరేసి చొప్పున గుంపు కడతాయి. ఆ గుంపు విడిపోతే గాని అవి రక్తంలోకి సులువుగా చేరలేవు. వేసుకున్న మందు వెంటనే పనిచేయకపోవడానికి కారణం ఇదే.

1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల లియోనార్డ్ థాంప్సన్‌కు తొలిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అప్పటి మందు ప్రభావం కొన్ని గంటలే ఉండేది. రోజుకు చాలాసార్లు, ఒక్కోసారి నిద్ర మధ్యలో లేచి కూడా సూది వేసుకోవాల్సి వచ్చేది. 1930లలో డెన్మార్క్ శాస్త్రవేత్త హాగెడోర్న్ చేపల నుంచి తీసిన ప్రోటమిన్ అనే ప్రొటీనును కలిపి ఆ ప్రభావాన్ని పొడిగించారు. అప్పటి నుంచీ కొత్త రకాలన్నీ రెండు దారుల్లోనే వచ్చాయి. ఒకటి ఇన్సులిన్‌ను రక్తంలోకి త్వరగా చేర్చే దారి, మరొకటి మెల్లగా, సమంగా చేర్చే దారి.

రెగ్యులర్ ఇన్సులిన్‌కూ, భోజనానికి ముందు వేసుకునే కొత్త రకాలకూ తేడా ఏమిటి?

రెగ్యులర్ ఇన్సులిన్ మన శరీరంలో తయారయ్యేదానికి అచ్చమైన నకలు. వేసుకున్న అరగంటకు పని మొదలుపెడుతుంది. రెండు నుంచి నాలుగు గంటల మధ్య ఉద్ధృతంగా ఉంటుంది. ఐదు నుంచి ఎనిమిది గంటల వరకు శరీరంలో ఉంటుంది. అందుకే భోజనానికి అరగంట ముందు వేసుకోమంటారు. ఆ అరగంట పాటించనివారిలో తిన్న వెంటనే షుగర్ ఎగబాకుతుంది, నాలుగైదు గంటల తర్వాత పడిపోతుంది. మందు పనిచేయడం లేదని చాలామంది అనుకునేది ఇక్కడే. మందు తన వేళకు తాను పనిచేస్తూనే ఉంటుంది, భోజనమే దానికంటే ముందు వచ్చేసింది.

లిస్ప్రో, ఆస్పార్ట్, గ్లులిసిన్ అనే మూడూ సత్వర రకాలు. 1996లో అమెరికాలో అనుమతి పొందిన లిస్ప్రోలో చేసిన మార్పు చాలా చిన్నది. ఇన్సులిన్ గొలుసు చివర పక్కపక్కన ఉండే రెండు అమైనో ఆమ్లాల స్థానాలను తారుమారు చేశారు, అంతే. దాంతో అణువుల గుంపు త్వరగా విడిపోతుంది. ఈ రకాలు 10 నుంచి 20 నిమిషాల్లో పని మొదలుపెడతాయి. ఒకటి రెండు గంటల్లో ఉద్ధృతికి చేరి, మూడు నుంచి ఐదు గంటల్లో దిగిపోతాయి. భోజనానికి 10, 15 నిమిషాల ముందు వేసుకుంటే చాలు. ఆస్పార్ట్‌లో ఇంకా వేగంగా పనిచేసేలా నికోటినమైడ్ కలిపిన రకం కూడా ఉంది.

అలాగని రెగ్యులర్‌కు కాలం చెల్లలేదు. రక్తనాళంలోకి నేరుగా ఎక్కించాల్సి వచ్చినప్పుడు ఆసుపత్రుల్లో సాధారణంగా దాన్నే వాడతారు. వేళకు భోజనం చేసేవారికి అది ఇప్పటికీ నమ్మదగిన మందే.

భోజనం అయ్యాక వేసుకోవచ్చా?

సత్వర రకాల విషయంలో కొన్ని సందర్భాల్లో వైద్యులే అలా చెబుతారు. ఎంత తింటారో ముందే చెప్పలేని పసిపిల్లలకు, వాంతులవుతున్నవారికి, ఆకలి లేని వృద్ధులకు తిన్న వెంటనే ఇవ్వడం క్షేమం. రెగ్యులర్ ఇన్సులిన్‌ను మాత్రం అలా వేసుకోకూడదు.

ఎన్.పి.హెచ్. ఇన్సులిన్ తెల్లగా, మబ్బుగా ఉంటుంది. అది పాడైనట్టా?

కాదు. ఎన్.పి.హెచ్. అంటే హాగెడోర్న్ పద్ధతిలో ప్రోటమిన్ కలిపి ప్రభావాన్ని పొడిగించిన రకం. ప్రోటమిన్‌తో కలిసిన ఇన్సులిన్ సన్నటి స్ఫటికాలుగా ద్రావణంలో తేలుతూ ఉండటం వల్ల అలా కనిపిస్తుంది. సీసాను కదపకుండా ఉంచితే స్ఫటికాలు అడుగుకు చేరతాయి, పైన తేటనీరు మిగులుతుంది. అలాగే సూదిలోకి తీస్తే ఒకరోజు తక్కువ ఇన్సులిన్, మరోరోజు ఎక్కువ ఇన్సులిన్ వెళుతుంది. సీసానో పెన్నునో రెండు అరచేతుల మధ్య ఉంచి పదిసార్లు దొర్లించండి, తర్వాత పదిసార్లు మెల్లగా తలకిందులు చేయండి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అడుగున తెల్లటి పొర మిగలకుండా అంతా ఒకే రంగులో ఉండాలి. గట్టిగా కుదిపితే నురగ వచ్చి మోతాదు తప్పుతుంది. ఇంత చేశాకా గడ్డలు, పెచ్చులు కనిపిస్తే ఆ సీసా పారేయాల్సిందే.

ఈ ఇరవై సెకన్ల పనిని ఎవరూ నేర్పకపోవడం వల్ల షుగర్ ఒకరోజు పైకీ ఒకరోజు కిందికీ పోతున్నవారు ఎంతోమంది ఉన్నారు. మోతాదు మార్చేముందు ఈ ఒక్కటీ సరిచూసుకోండి.

ఎన్.పి.హెచ్. ఒకటి రెండు గంటల్లో పని మొదలుపెట్టి, నాలుగు నుంచి పది గంటల మధ్య ఉద్ధృతికి చేరుతుంది. పన్నెండు నుంచి పద్దెనిమిది గంటల వరకు ఉంటుంది. రాత్రి భోజనం వేళ వేసుకున్నవారికి దాని ఉద్ధృతి సరిగ్గా నడిరేయి దాటాక వస్తుంది. తెల్లవారుజామున చెమటలు, పీడకలలు, లేవగానే తలనొప్పి ఉంటే ఆ సంగతి వైద్యులకు చెప్పండి. మోతాదును నిద్రపోయే ముందుకు జరపడం వల్ల చాలాసార్లు ఇది తగ్గుతుంది.

గ్లార్జిన్, డిటెమిర్, డెగ్లుడెక్: ఈ మూడింటిలో ఏది మేలు?

మూడూ బేసల్ ఇన్సులిన్‌లే, అంటే రోజంతా నేపథ్యంలో పనిచేసేవి. అవి నెమ్మదించే తీరు మాత్రం వేరువేరు. గ్లార్జిన్ సీసాలో ఆమ్ల ద్రావణంగా, తేటగా ఉంటుంది. చర్మం కిందికి వెళ్లాక అక్కడి ఆమ్లత తక్కువ కాబట్టి సన్నటి అవక్షేపంగా మారి, కొద్దికొద్దిగా కరుగుతుంది. డిటెమిర్‌కు ఒక కొవ్వు ఆమ్లాన్ని జతచేశారు. అది రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీనును పట్టుకుని నిదానంగా వదులుతుంది. డెగ్లుడెక్ అణువులు చర్మం కింద పొడవాటి గొలుసులుగా అల్లుకుని, వాటి కొసల నుంచి ఒక్కొక్కటిగా ఊడివస్తాయి.

యు-100 (మిల్లీలీటరుకు 100 యూనిట్లున్న) గ్లార్జిన్ ప్రభావం దాదాపు 24 గంటలు ఉంటుంది, కొందరిలో అంతకంటే ముందే తగ్గిపోతుంది. అదే మందును మూడింతలు చిక్కగా చేసిన యు-300 ఇంకా సమంగా, 24 గంటలు దాటి పనిచేస్తుంది. డిటెమిర్‌ను చాలామంది రోజుకు రెండుసార్లు వేసుకోవాల్సి వస్తుంది. దాని ఉత్పత్తిని తయారీదారు ఆపేస్తుండటంతో వాడకం తగ్గుతోంది. డెగ్లుడెక్ 42 గంటలకు మించి ఉంటుంది. అందువల్ల ఒకరోజు వేళ కాస్త అటూ ఇటూ అయినా పెద్దగా తేడా రాదు. పని వేళలు తరచూ మారేవారికి ఇది నిజమైన ఊరట. అయితే మోతాదు పెంచాక దాని పూర్తి ప్రభావం తెలియడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. రెండో రోజే మళ్లీ పెంచేస్తే వారాంతానికి షుగర్ పడిపోతుంది.

ఈ రకాలను వేరే ఇన్సులిన్‌తో ఒకే సిరంజిలో కలపకూడదు.

ఖరీదైన కొత్త ఇన్సులిన్ పాతవాటికంటే షుగర్‌ను ఎక్కువ తగ్గిస్తుందా?

అందరూ అడగాలనుకునే ప్రశ్న ఇదే, జవాబు దాచాల్సిన పని లేదు. మోతాదు సరిగ్గా సర్దుకుంటే హెచ్‌బిఎ1సిని (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష అంకెను) తగ్గించడంలో పాతవీ కొత్తవీ దాదాపు సమానం. 2003లో వెలువడిన ఒక పరిశోధనలో టైప్ 2 మధుమేహం ఉన్న 756 మందిలో కొందరికి ఎన్.పి.హెచ్., కొందరికి గ్లార్జిన్ ఇచ్చి, పరగడుపు షుగర్ లక్ష్యానికి చేరేదాకా మోతాదు పెంచుతూ పోయారు. 24 వారాల తర్వాత రెండు గుంపుల్లోనూ సగటు హెచ్‌బిఎ1సి 7 శాతం దగ్గరే నిలిచింది. తేడా రాత్రివేళ కనిపించింది. గ్లార్జిన్ వాడినవారిలో నిద్రలో షుగర్ పడిపోవడం తక్కువ.

2017లో వెలువడిన డివోట్ పరిశోధనలో గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 7,637 మంది పాల్గొన్నారు. డెగ్లుడెక్, గ్లార్జిన్ రెండూ గుండె విషయంలో సమానంగా తేలాయి. మరొకరి సాయం కావాల్సినంత తీవ్రమైన లో షుగర్ మాత్రం డెగ్లుడెక్‌తో 40 శాతం తక్కువగా నమోదైంది.

మరోవైపు, 2018లో అమెరికాలో టైప్ 2 ఉన్న 25 వేల మందికి పైగా రోగుల వివరాలను పరిశీలించారు. లో షుగర్‌తో అత్యవసర చికిత్సకు, ఆసుపత్రికి రావడంలో ఎన్.పి.హెచ్.కూ కొత్త దీర్ఘకాలిక రకాలకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

వీటన్నిటినీ కలిపి చూస్తే నా అభిప్రాయం ఇది. తరచూ రాత్రివేళ షుగర్ పడిపోయేవారికి, ఒంటరిగా ఉండేవారికి, లో షుగర్ లక్షణాలు ముందుగా తెలియనివారికి, టైప్ 1 ఉన్నవారికి కొత్త బేసల్ రకాల కోసం డబ్బు పెట్టడం సమంజసమే. ఎన్.పి.హెచ్.తో షుగర్ నిలకడగా ఉండి, రాత్రులు ప్రశాంతంగా గడుస్తున్నవారు తమకేదో తక్కువ మందు దొరికిందని బాధపడాల్సిన అవసరం లేదు. ఖరీదైన రకం రాయించుకుని, నెలాఖరున డబ్బు చాలక మోతాదులు ఎగ్గొట్టడం కంటే, అందుబాటులో ఉన్నదాన్ని ఒక్కరోజూ మానకుండా వేసుకోవడం వెయ్యి రెట్లు మేలు. డబ్బు ఇబ్బంది ఉంటే వైద్యులతో మొహమాటం లేకుండా చెప్పండి.

బయోసిమిలర్ అంటే నాసిరకమా?

కాదు. అసలు మందు పేటెంటు గడువు ముగిశాక వేరే సంస్థ తయారుచేసి, దానితో సమానంగా పనిచేస్తుందని నియంత్రణ సంస్థల ముందు నిరూపించుకున్న మందు అది. గ్లార్జిన్ బయోసిమిలర్‌కు ఐరోపాలో 2014లోనే అనుమతి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీర్ఘకాలిక ఇన్సులిన్‌లను, వాటి బయోసిమిలర్లను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఒకదాని నుంచి ఇంకోదానికి మారిన తొలి వారాల్లో షుగర్ కాస్త ఎక్కువసార్లు చూసుకుంటే సరిపోతుంది.

ముందే కలిపి ఉండే 30/70 రకాలు ఎవరికి తగినవి?

ఒకే సూదిలో 30 శాతం త్వరగా పనిచేసే ఇన్సులిన్, 70 శాతం నిదానంగా పనిచేసేది ఉంటాయి. 25/75, 50/50 కూడా దొరుకుతాయి. రోజుకు రెండు సూదులతో సరిపోతుంది, లెక్కలు తక్కువ. వేళ తప్పకుండా, దాదాపు ఒకే పరిమాణంలో తినేవారికి ఇవి బాగా కుదురుతాయి. మధ్యాహ్న భోజనం ఆలస్యమైతే మాత్రం చిక్కే. పొద్దున వేసుకున్న 70 శాతం భాగం ఆ వేళకు పని మొదలుపెట్టేసి ఉంటుంది, ఎదురుగా భోజనం ఉండదు. రెండు భాగాలలో ఒక్కదాన్నే పెంచడమూ కుదరదు. రెగ్యులర్‌తో చేసిన మిశ్రమాలను భోజనానికి అరగంట ముందు, లిస్ప్రో లేదా ఆస్పార్ట్‌తో చేసినవాటిని 15 నిమిషాల లోపు వేసుకోవాలి. ఇవీ మబ్బుగానే ఉంటాయి, ఎన్.పి.హెచ్. లాగే దొర్లించి కలపాలి.

టైప్ 2 ఉన్న 708 మందిని మూడేళ్లు గమనించిన ఒక బ్రిటిష్ పరిశోధనలో బేసల్‌తో మొదలుపెట్టినవారికి మిశ్రమంతోనూ, భోజనపు ఇన్సులిన్‌తోనూ మొదలుపెట్టినవారికంటే లో షుగర్, బరువు పెరుగుదల తక్కువగా ఉన్నాయి. చాలామందికి కాలం గడిచేకొద్దీ రెండో రకం కూడా అవసరమైంది.

టైప్ 1, టైప్ 2 వారికి ఒకే పద్ధతా?

టైప్ 1లో శరీరం ఇన్సులిన్ తయారుచేయదు కాబట్టి రెండు పనులకూ బయటి నుంచే ఇవ్వాలి. రోజుకు ఒకటి రెండు సార్లు బేసల్, ప్రతి భోజనానికీ సత్వర రకం. జ్వరం వచ్చినా, ఏమీ తినకపోయినా బేసల్ ఆపకూడదు. ఆపితే గంటల్లో కీటోన్లు (శరీరం కొవ్వును కరిగించినప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. ఇంత కట్టుదిట్టంగా చూసుకోవడం వల్ల ఫలితం ఎంతో 1993లో వెలువడిన డి.సి.సి.టి. పరిశోధన చూపింది. టైప్ 1 ఉన్న 1,441 మందిలో తీవ్ర నియంత్రణ పాటించినవారికి కంటి రెటీనా జబ్బు మొదలయ్యే ముప్పు 76 శాతం తగ్గింది. అదే సమయంలో తీవ్రమైన లో షుగర్ సుమారు మూడింతలైంది. సత్వర రకాలు, సమంగా పనిచేసే బేసల్ రకాలు రావడానికి తొందరపెట్టింది ఈ రెండో సంగతే.

టైప్ 2లో సాధారణంగా మాత్రలు కొనసాగిస్తూనే రోజుకు 10 యూనిట్ల బేసల్‌తో, లేదా కిలో బరువుకు 0.1 నుంచి 0.2 యూనిట్లతో మొదలుపెట్టి, పరగడుపు షుగర్‌ను బట్టి మెల్లగా పెంచుతారు.

ఇన్సులిన్ దాకా వచ్చిందంటే జబ్బు ముదిరినట్టేనా? ఇక జీవితాంతం వాడాలా?

ఈ భయంతో ఏళ్లు వృథా చేసుకున్నవారిని చూస్తే మనసు కలుక్కుమంటుంది. టైప్ 2 బయటపడేనాటికే ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల సామర్థ్యం దాదాపు సగానికి తగ్గి ఉంటుంది, ఆపై ఏటా తగ్గుతూ పోతుంది. మాత్రలు చాలకపోవడం రోగి చేసిన తప్పు కాదు. కళ్లు, మూత్రపిండాలు దెబ్బతినడానికి కారణం అదుపు తప్పిన షుగర్, ఇన్సులిన్ కాదు. ఇది అలవాటు పడే మందూ కాదు. శస్త్రచికిత్స, తీవ్రమైన ఇన్ఫెక్షన్, గర్భం వంటి సందర్భాల్లో మొదలుపెట్టి తర్వాత మానేసిన టైప్ 2 రోగులు ఎందరో ఉన్నారు. బరువు కొన్ని కిలోలు పెరగవచ్చు, అది నిజం. బేసల్ రకాలతో ఆ పెరుగుదల తక్కువ.

యు-40, యు-100 అంటే ఏమిటి?

ఒక మిల్లీలీటరులో ఎన్ని యూనిట్లు ఉన్నాయో ఆ అంకె చెబుతుంది. పెన్నుల్లో ఎక్కువగా యు-100 ఉంటుంది. కొన్ని దేశాల్లో సీసాల్లో యు-40 ఇప్పటికీ దొరుకుతుంది. సీసా మీద ఏ అంకె ఉంటే సిరంజి మీదా అదే ఉండాలి. యు-40 సిరంజిలో 20వ గీత దాకా తీస్తే అర మిల్లీలీటరు వస్తుంది. లోపల యు-100 ఇన్సులిన్ ఉంటే అది 20 యూనిట్లు కాదు, 50. తలకిందులుగా, యు-100 సిరంజిలో యు-40 ఇన్సులిన్‌ను 20వ గీత దాకా తీస్తే వెళ్లేది 8 యూనిట్లే. మొదటి పొరపాటు స్పృహ తప్పిస్తుంది, రెండోది షుగర్‌ను వారాల తరబడి పైనే ఉంచుతుంది. కొన్న ప్రతిసారీ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. పెన్నులోని మందును సిరంజితో లాగడం, అందులోనూ యు-300 పెన్ను నుంచి లాగడం ఎప్పుడూ చేయవద్దు.

ఒక రకం నుంచి మరో రకానికి మారితే మోతాదు అదేనా?

కొన్నిసార్లు అదే, కొన్నిసార్లు కాదు. రోజుకు రెండుసార్లు ఎన్.పి.హెచ్. వేసుకుంటున్నవారు ఒకసారి గ్లార్జిన్‌కు మారితే మొత్తం మోతాదును 20 శాతం తగ్గించి మొదలుపెడతారు. యు-300 గ్లార్జిన్ నుంచి యు-100కు మారినా అంతే తగ్గింపు. మందు దొరకలేదని సొంతంగా పేరు మార్చి కొనుక్కోవద్దు. ఒకే సంస్థ పేర్లలో ఒక్క అక్షరం, ఒక్క అంకె తేడాతో పూర్తిగా వేరే రకం ఉంటుంది.

పొట్ట, తొడ, చేయి: ఎక్కడ వేసుకుంటే ఏమవుతుంది?

పొట్ట నుంచి అన్నిటికంటే త్వరగా, తొడ, పిరుదుల నుంచి నిదానంగా రక్తంలో కలుస్తుంది. రెగ్యులర్, ఎన్.పి.హెచ్. విషయంలో ఈ తేడా ఎక్కువ, కొత్త రకాల్లో తక్కువ. అంతకంటే ముఖ్యమైనది చోటు మార్చడం. రోజూ ఒకేచోట వేసుకుంటే చర్మం కింద మెత్తగా గానీ, కాస్త గట్టిపడి గానీ ఉబ్బినట్టు ఉండే కొవ్వు గడ్డలు ఏర్పడతాయి. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి చేయి మళ్లీ మళ్లీ అక్కడికే పోతుంది. ఇన్సులిన్ మాత్రం ఒకరోజు అందులో ఇరుక్కుంటుంది, మరోరోజు ఒక్కసారిగా బయటపడుతుంది. వేలితో నెమ్మదిగా తడిమి చూసుకోండి. గడ్డ తగిలితే ఆ చోటు కొన్ని నెలలు వదిలేయండి. ఆరోగ్యకరమైన చోటికి మారిన మొదటి రోజుల్లో అదే మోతాదుకు షుగర్ బాగా పడిపోవచ్చు కాబట్టి తగ్గింపు గురించి ముందే వైద్యులను అడగండి.

4 మిల్లీమీటర్ల సూది పెద్దవారిలో దాదాపు అందరికీ సరిపోతుంది. పెన్ను మీట నొక్కాక పది లెక్కపెట్టి సూది తీయండి.

షుగర్ పడిపోతే ఏం చేయాలి?

షుగర్ డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు గానీ చక్కెర గానీ నీళ్లలో కలిపి తాగండి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. తగ్గే ఉంటే మళ్లీ అంతే. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు. గ్లూకాగాన్ (షుగర్‌ను పెంచే హార్మోన్ మందు) ఉంటే ఇచ్చి వెంటనే అంబులెన్సు పిలవాలి. ఏ రకం ఇన్సులిన్ వల్ల పడిపోయిందో కూడా చూసుకోవాలి. సత్వర రకమైతే రెండు మూడు గంటల్లో ముప్పు తగ్గుతుంది. ఎన్.పి.హెచ్. లేదా బేసల్ రకమైతే లేచిన షుగర్ మళ్లీ పడిపోవచ్చు, గంటల తరబడి కనిపెట్టుకుని ఉండాలి. మూత్రపిండాలు బలహీనపడినవారిలో ఇన్సులిన్ శరీరంలో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి వారికి సాధారణంగా మోతాదు తగ్గించాల్సి వస్తుంది.

ఎలా నిల్వ చేయాలి?

తెరవనివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రీజరుకు దూరంగా. గడ్డకట్టినది కరిగాక బాగున్నట్టే కనిపిస్తుంది, వాడకూడదు. వాడుతున్నది ఎండ తగలని చోట, 30 డిగ్రీల లోపు ఉంచాలి. ఎక్కువ రకాలకు గడువు 28 రోజులు. యు-300 గ్లార్జిన్‌కు 42, డెగ్లుడెక్‌కు 56. తెరిచిన తేదీని సీసా మీద రాసిపెట్టండి.

వారానికి ఒకసారి వేసుకునేది, పీల్చేది వచ్చాయట. నిజమేనా?

నిజమే. ఐకోడెక్ అనే బేసల్ ఇన్సులిన్ వారానికి ఒక్క సూదితో పనిచేస్తుంది. 2024లో ఐరోపా సమాఖ్య, కెనడా అనుమతించాయి. టైప్ 2 వారికి ఏడాదికి 365 సూదులు 52 అవుతాయి, అది చిన్న సంగతి కాదు. టైప్ 1 ఉన్నవారిలో మాత్రం రోజువారీ డెగ్లుడెక్ కంటే లో షుగర్ ఎక్కువగా కనిపించింది. ముక్కుతో కాకుండా నోటితో పీల్చే సత్వర ఇన్సులిన్‌కు అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. ఉబ్బసం, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు, పొగతాగేవారు దాన్ని వాడకూడదు. మాత్ర రూపంలో ఎందుకు లేదంటే, ప్రొటీను కాబట్టి జీర్ణరసాలు దాన్ని ముక్కలు చేసేస్తాయి.

ఇన్సులిన్ పంపులో ఏ రకం వాడతారు?

సత్వర రకం ఒక్కటే. పంపు దాన్ని నిమిషాల తేడాతో కొద్దికొద్దిగా వదులుతూ బేసల్ పనీ, భోజనాల వేళ ఎక్కువ వదిలి రెండో పనీ చేస్తుంది. శరీరంలో దీర్ఘకాలిక ఇన్సులిన్ నిల్వ ఏమీ ఉండదు కాబట్టి, గొట్టం మెలిపడినా, ఊడినా కొన్ని గంటల్లోనే షుగర్, కీటోన్లు పెరుగుతాయి. పంపు వాడేవారు ఎక్కడికి వెళ్లినా సత్వర ఇన్సులిన్ పెన్ను, కీటోన్ పరీక్ష పట్టీలు వెంట ఉంచుకోవాలి. పంపు పూర్తిగా ఆగిపోతే ఎంత బేసల్ వేసుకోవాలో వైద్యుల చేత ముందే రాయించి పెట్టుకోవాలి.